ఎర్ర గుర్తు పడిన ఇల్లు

అంజుమ్‌కు ఫోనమ్మ అంటే ఒళ్ళుమంట. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఆమె మంచిదని చూపించడానికి దాచిపెట్టానని రేపు నన్ను అనకండి. పదిహేడేళ్ళుగా మనుషుల ఏడుపు వినడమే ఉద్యోగంగా బతికిన ఆడది. ఆ ఉద్యోగం తీసుకెళ్ళి జేబులో పట్టే యంత్రానికి ఇస్తామంటే మండదా మరి? మండకపోతే ఆమె మనిషే కాదు.

ఖమ్మంలో తాళాలు, గ్యాస్ స్టవ్వులు బాగుచేసే జహూర్ గారి రెండో కూతురు అంజుమ్. చదువు సగం కాలేజీలో, సగం దూరవిద్యలో. మొదట సర్కారు దవాఖానాలో కౌన్సిలర్‌గా చేసింది, తర్వాత మనోవ్యాధుల మీద పనిచేసే ఒక సంస్థలో చేరింది. చర్ల అవతలి అడవి ఊళ్ళ నుంచి అశ్వారావుపేట పామాయిల్ తోటల దాకా ఆమె స్కూటీ తిరగని బాట లేదు. వానాకాలంలో ఆ స్కూటీని ఆమె నడిపిన దానికంటే మోసిందే ఎక్కువ. ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్ళు అడుగుతుంది. నీళ్ళు తెచ్చిన మనిషి గ్లాసు తిరిగిచ్చేదాకా ఎదురుగా నిలబడాలి కదా, ఆ నిలబడడంలోనే మాట పుడుతుందని ఆమె లెక్క. గట్టిగా ఆలోచిస్తే అది ఎంత తెలివైన పనో మీకే తెలుస్తుంది.

రెండేళ్ళ కింద సంస్థవాళ్ళు అరవై ఇళ్ళకు ఫోన్లు పంచారు. అందులో ఒక గొంతు ఉంటుంది. ఆడగొంతు, మెత్తగా, మంచి తెలుగులో మాట్లాడుతుంది. బాధ చెప్పుకుంటే వింటుంది, తిరిగి అడుగుతుంది, విసుక్కోదు. ఊళ్ళల్లో జనం దానికి ఫోనమ్మ అని పేరు పెట్టేశారు. మాటల్ని బట్టి అది బాధను కొలిచి పచ్చ, పసుపు, ఎరుపు అని గుర్తు పెడుతుంది. ఎరుపు పడితే కౌన్సిలర్‌కు కబురొస్తుంది. కబురంటే ఎంత? పేషెంటు పేరు, మాట్లాడిన టైములు, రంగు, మూడు ముక్కలు. మనిషి అన్న అసలు మాటలు పంపరు, అది గోప్యతట.

ఫిబ్రవరిలో మీటింగు పెట్టి, ఏప్రిల్ నుంచి ఆరుగురు కౌన్సిలర్లలో ఇద్దరే ఉంటారని చెప్పారు. తక్కిన పని ఫోనమ్మ చూసుకుంటుంది. ఆ ఇద్దరూ ఎవరో ఇంకా తేలలేదు. కోఆర్డినేటర్ ముదస్సిర్ ఖమ్మం పిల్లవాడే, అంజుమ్ కళ్ళముందు పెరిగినవాడే, ఆమెను అక్కగా ఆపా అని పిలిచేవాడే. "ఫికర్ చెయ్యకు ఆపా, నీ పేరు నేనే చెప్త" అన్నాడు. ఆ మాటతో అంజుమ్‌కు ధైర్యం రాలేదు సరికదా, ఉన్న నిద్ర కూడా పోయింది.

అట్లాంటి రోజుల్లో ఒక బుధవారం పొద్దున ఎరుపు పడింది.

పేరు దీపిక. అశ్వారావుపేటకు పది కిలోమీటర్ల లోపల, అడవి అంచున ఊరు. ఆ ఇల్లు అంజుమ్‌కు బాగా తెలుసు. దీపిక భర్త నాగచైతన్య పోయి ఏడాది కావస్తోంది. వాళ్ళది పన్నెండెకరాల పామాయిల్ తోట. గెలలు కోయడానికి పొడుగాటి గెడకు కొడవలి కట్టి కింద నుంచి లాగుతారు. వాళ్ళ గెడ అల్యూమినియంది, తేలిగ్గా ఉంటుందని కొన్నారు. గెల తెగి గెడ పక్కకు వాలింది, వాలి పైనున్న కరెంటు తీగకు తగిలింది. అంతే, ఇరవై ఎనిమిదేళ్ళవాడు నిలబడ్డచోటే పోయాడు. పెళ్ళయి పద్నాలుగు నెలలు. పిల్లల్లేరు. దీపిక అన్నం మానేసి మంచం పట్టిందని అప్పట్లో ఆమెకు ఒక ఫోన్ ఇచ్చారు. అంజుమ్ కూడా నెలనెలా వెళ్ళి మాట్లాడి వచ్చేది.

ఇప్పుడొచ్చిన మూడు ముక్కలు ఇవి: కుటుంబ సభ్యుడి మరణం. తన వల్లే జరిగిందన్న తీవ్రమైన భావన. సంవత్సరీకం ముగిశాక ప్రాణం తీసుకునే ఉద్దేశం.

సంవత్సరీకం మర్నాడే, గురువారం.

అంజుమ్ వెంటనే దీపికకు ఫోన్ చేసింది. దీపిక మామూలుగానే మాట్లాడింది. చుట్టాలు వస్తున్నారని, పిండివంటల పనిలో ఉన్నానని చెప్పి పెట్టేసింది. మరీ అంత మామూలుగా మాట్లాడడం అంజుమ్‌కు నచ్చలేదు. గురువారం పదకొండు గంటలకల్లా ఆ ఇంటి ముందు స్కూటీ ఆపింది.

ఇల్లంతా జనం. పందిట్లో బంతులు సాగుతున్నాయి. దీపిక అత్త భారతమ్మ కొంగు నడుముకు చుట్టి, ఆ వయసులో తనే గంపల కొద్దీ గారెలు మోస్తోంది. వీళ్ళు రెండు తరాల కింద కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్ళు. భర్త పోయాక పదేళ్ళుగా తోటను ఒంటిచేత్తో నడిపిన మనిషి భారతమ్మ. కూలీలు, ఫ్యాక్టరీవాళ్ళు అందరూ ఆమె మాటకు హడలిపోతారు. కొడుకు శవాన్ని తెచ్చిన రోజు కూడా ఆమె కంట నీరు ఎవరూ చూడలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాటను మెచ్చుకుంటూ చెప్పేవాళ్ళు కొందరు, ఇంకోలా చెప్పేవాళ్ళు కొందరు. నిజం చెప్పొద్దూ, అంజుమ్ ఇంకోలా చెప్పేవాళ్ళ వైపే.

"రామ్మా మేడం, ముందు అన్నం తిను, తర్వాతే మాటలు" అంది భారతమ్మ.

"తింట పెద్దమ్మా. ఒక్కసారి దీపికతో మాట్లాడొస్త."

పెరట్లో గిన్నెలు కడుగుతున్న దీపికను పక్కకు లాగింది. చెప్పాల్సింది సూటిగానే చెప్పింది. తిప్పి తిప్పి అడగడానికి టైం లేదు.

దీపిక తెల్లబోయింది. "నేనా? నేనెప్పుడన్నాను మేడం అట్లా? ఆ ఫోన్‌తో నేను మాట్లాడి నాలుగు నెలలు దాటింది."

"నా కాడ దాచకు బిడ్డా. నిన్న పొద్దుగాల అయిదింటికి మాట్లాడినవ్. మొన్న గూడ మాట్లాడినవ్."

"ఒట్టు మేడం. అసలా ఫోను నా దగ్గరుంటేగా? పొద్దున్నే మోటారు వెయ్యడానికి వెళ్తూ అత్తమ్మ తీసుకెళ్తారు, దానికి లైటు బాగుంటుందని. ఎండెక్కాక తెచ్చిస్తారు."

ఆ మాట అంటూ దీపిక వంటింటి వైపు ఒకసారి చూసింది. అంజుమ్ ఆ చూపు పట్టుకుంది. పట్టుకుని ఏమనుకుంది? అత్తంటే భయం అనుకుంది. చావాలని ఉన్నవాళ్ళు లేదనే చెబుతారు, అది పదిహేడేళ్ళుగా చూస్తున్నదే. చెప్పుకునే ఒక్క ఫోన్‌ను కూడా ఆ ముసలావిడ లాక్కుంటోందన్నమాట, పిల్ల ఏ సందులోనో దొరికించుకుని మాట్లాడుతోందన్నమాట. అంతా చక్కగా అతికింది. అతికినప్పుడు ఇంకోసారి చూడాలని మనిషికి ఎందుకనిపిస్తుంది చెప్పండి?

"ఇయ్యాల ఈ ఇంట్ల నిన్ను ఉంచను. సత్తుపల్లికి పోదాం పా, మీ అమ్మోళ్ళింటికి. నాలుగు రోజులుండి రా."

"ఇవ్వాళా? అత్తమ్మను ఒక్కరినే వదిలేసా? చుట్టాలు కూడా మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు మేడం."

"ఆమెకేం గాదు. నేను మాట్లాడ్త."

పెద్ద గొడవే అవుతుందని సిద్ధపడి భారతమ్మ దగ్గరికి వెళ్ళింది అంజుమ్. అవసరమైతే పోలీసు స్టేషన్ మాట కూడా ఎత్తాలని మనసులో అనుకుంది. తీరా చూస్తే ఏ గొడవా లేదు.

"తీసుకెళ్ళమ్మా. నేనే అందామనుకుంటున్నాను" అంది భారతమ్మ. గొంతులో విసురు లేదు, ముఖంలో చిరాకు లేదు. కోడలిని గదిలోకి పిలిచి బట్టలు తనే సర్దింది. గోంగూర పచ్చడి సీసా గుడ్డలో చుట్టి పెట్టింది. చేతికున్న నాలుగు బంగారు గాజులు తీసి కోడలి చేతికి వేసింది. దీపిక వద్దంటుంటే, "నాకు వదులైపోయాయే, ఎక్కడో జారిపోతాయి, నీ దగ్గరుంచు" అంది. ఫోన్ కూడా తెచ్చి సంచిలో పడేసింది. "ఇది కూడా పట్టుకెళ్ళు. ఇక నాకు లైటెందుకు?"

నాకైతే ఆ చోట అంజుమ్‌ను పట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది. అమ్మా తల్లీ, కొత్తగా చేరే పిల్లలకు నువ్వు ట్రైనింగుల్లో చెప్పే మొదటి పాఠమే ఇది కదా! ఏడాది పాటు బిగుసుకున్న మనిషి ఉన్నట్టుండి చల్లబడితే, వస్తువులు పంచిపెడితే, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదని బోర్డు మీద రాసి మరీ చెప్పావు కదా! చెప్పింది నిజమే. కానీ ఆమె కళ్ళు దీపిక మీదే ఉన్నాయి. పైగా లోపల ఒక మూల, పైకి ఒప్పుకోలేని సంతోషం. ఫోన్ రంగు చూపించి ఊరుకుంది, ఇంటి దాకా వచ్చి పిల్లను బయటపడేసింది నేను. రేపు ముదస్సిర్‌కు రాసే రిపోర్టు అప్పుడే ఆమె తలలో సగం తయారైపోయింది.

భోజనాలయ్యేసరికి ఒంటిగంట దాటింది. చివరి కారు కూడా వెళ్ళిపోయాక దీపిక స్కూటీ ఎక్కింది. భారతమ్మ గేటు దాకా వచ్చి కోడలి తల నిమిరింది. ఆమె అట్లా నిమరడం దీపిక ఎప్పుడూ ఎరగదు.

పదహారు, పదిహేడు కిలోమీటర్లు వెళ్ళారు. రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు, మధ్యమధ్య టేకు చెట్లు. దీపిక సంచిలో ఫోన్ మోగింది. ఎరుపు పడ్డవాళ్ళకు మర్నాడు మధ్యాహ్నం ఫోనమ్మ తనే మోగుతుంది. అంజుమ్ బండి పక్కకు ఆపింది.

"ఎత్తు. స్పీకర్ పెట్టు. ఏం మాట్లాడ్తదో నేను గూడ వింట."

ఆ మెత్తటి గొంతు వచ్చింది. "నమస్తే దీపిక గారూ. నిన్న పొద్దున మీరు చెప్పింది నాకు గుర్తుంది. బాబుకు పాలు మాన్పించడానికి వేపాకు నూరి పూసుకున్నారని, వాడు మూడు రోజులు ఏడ్చాడని చెప్పారు. ఆ ఏడుపు ఈరోజు కూడా మీకు వినిపిస్తోందా?"

దీపిక అయోమయంగా అంజుమ్ ముఖంలోకి చూసింది. "బాబెవరు మేడం?"



"వేపాకు... అది అత్తమ్మ చెప్పే ముచ్చట. ఆయన చిన్నప్పటిది. మూడు రోజులు ఊరంతా వినపడేలా ఏడ్చాడని నవ్వుతూ చెప్పేవారు." దీపిక చేతిలోని ఫోన్ వైపు చూసింది. "మేడం, ఈ ఫోన్‌తో మాట్లాడింది..."

గాజులు, పచ్చడి సీసా, ఇక నాకు లైటెందుకన్న మాట, అన్నీ ఒక్కసారి అంజుమ్ మీదపడ్డాయి. చచ్చిపోతానన్న మనిషిని ఖాళీ ఇంట్లో వదిలేసి, ఆమె మాట్లాడుకునే ఒక్క గొంతును కూడా సంచిలో వేసుకుని వచ్చేసింది తను. "యా అల్లా" అంది పైకే. భారతమ్మ నెంబరుకు కొట్టింది. మోగుతోంది, ఎత్తడం లేదు. బండి తిప్పింది.

తిప్పే ముందు ముదస్సిర్‌కు ఫోన్ చేసింది. "జల్దీ అంబులెన్స్ పంపు. దీపిక గాదు, వాళ్ళ అత్త."

"అత్తనా? సిస్టంల దీపిక అనే ఉంది గద ఆపా?"

"నీ సిస్టం నెత్తి మీద మన్నుబొయ్య! ముందు బండి పంపురా!"

తిరుగుదారిలో దీపిక వెనక కూర్చుని ఫోన్ కొడుతూనే ఉంది, అవతల మోగుతూనే ఉంది. ఫ్యాక్టరీకి గెలలు తీసుకెళ్ళే ట్రాక్టరు ఒకటి దారికి అడ్డంగా నింపాదిగా పోతుంటే, ఆరోజు దాకా ఎవరినీ తిట్టని అంజుమ్ ఆ డ్రైవరును ఉర్దూలో, తెలుగులో కలిపి తిట్టింది. ఆ అరగంట ఆమె ఏ దేవుడికి ఏం మొక్కుకుందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటి గేటు తీసే ఉంది. తలుపులు తీసే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. తోట కాపలా మనిషి రామ్‌సింగ్ గేటు దగ్గరే ఎదురయ్యాడు, చేతిలో టిఫిన్ డబ్బా.

"అమ్మేది రామ్‌సింగ్?"

"మోటారు షెడ్డు కాడికి పోయింది. నన్ను ఇయ్యాల ఇంటికి పొమ్మంది. గారెలు గూడ కట్టిచ్చింది."

మోటారు షెడ్డులోనే తోటకు కొట్టే మందులు పెడతారు. అంజుమ్‌కు అది తెలుసు. షెడ్డు తలుపు వేసి ఉంటే విరగ్గొట్టడానికి రామ్‌సింగ్‌ను గడ్డపార తెమ్మని పంపి, మట్టల మీద ముళ్ళు గీసుకుంటున్నా చూడకుండా ఇద్దరూ తోటలోకి పరుగెత్తారు.

రేకుల షెడ్డు. ఇనప తలుపు లోపల నుంచి గడియ పెట్టి ఉంది. పక్కగోడకు తల ఎత్తున, ఊచలున్న చిన్న కిటికీ.

"పెద్దమ్మా! నేను అంజుమ్‌ని."

లోపల నుంచి మాట వచ్చింది. "ఎందుకొచ్చావు? దీపికేదీ?"

బతికే ఉంది. అంజుమ్ కిటికీకి దగ్గరగా జరిగింది. "నా ఎనకనే ఉన్నది. తలుపు తియ్యి పెద్దమ్మా. కూసోని మాట్లాడుకుందాం. నీ బాధ నాకు చెప్పు."

"నీకా?" లోపల నవ్విన చప్పుడైంది. నవ్వా అది? "ఏడాదిలో పదకొండు సార్లు వచ్చావమ్మా మా ఇంటికి. నేను పెట్టిన టీ తాగావు. బాగుందన్నావు. ఒక్కసారన్నా నువ్వెలా ఉన్నావు పెద్దమ్మా అని అడిగావా?"

గ్లాసుతో నీళ్ళు ఇచ్చి, తిరిగి తీసుకోవడానికి ప్రతిసారీ ఎదురుగా నిలబడింది ఈ మనిషే.

"ఆ ఫోన్ అడిగింది. దీపిక అనుకునే అడిగిందిలే, ఎట్లా ఉన్నారని. మా వాడు పోయాక నన్ను ఆ మాట అడిగింది అదొక్కటే. అది నా ముఖం చూడదు. ఊళ్ళో చెప్పదు. దాన్ని కిటికీలో పెట్టి మీరిద్దరూ అవతలకి పోండి. దానితో మాట్లాడాలి నేను."

చూశారా పరీక్ష! తన కూడు లాక్కుంటుందని పళ్ళు నూరుకున్న ఆ యంత్రాన్నే తీసుకెళ్ళి కిటికీలో పెట్టాలి. ఫోన్ కోసం కిటికీ దగ్గరికొస్తే ఆ కాసేపూ మందు డబ్బాకు దూరంగా ఉంటుంది. రామ్‌సింగ్ వచ్చేదాకా ఆ కాసేపే కావాలి. అంజుమ్ ఫోన్‌లో ఫోనమ్మను పిలిచి, ఊచల మధ్య నుంచి లోపలి అంచు మీద పెట్టింది. సిగ్నల్ ఒక్క గీతే ఉంది. దీపికను చెయ్యిపట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది. రేకుల షెడ్డు కాబట్టి ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది.

"నమస్తే దీపిక గారూ. మీ గొంతు బరువుగా ఉంది. ఏం జరిగిందో చెబుతారా?"

"ఏడాది అయిపోయిందమ్మా. అందరికీ పెట్టాల్సింది పెట్టాను. చెప్పాను కదా నీకు, వాణ్ణి పంపింది నేనే. జ్వరంగా ఉందమ్మా అన్నాడు. కూలోళ్ళు రాలేదు, లేవరా అన్నాను. ఆ గెడ కొన్నది కూడా నేనే." పొడిపొడిగా, సరుకులు చెప్పినట్టు చెబుతోంది. "ఆ పిల్లకు తెలీదు. తెలిస్తే నా ముఖాన ఉమ్మేస్తుంది. దాని ముఖం చూస్తూ రోజూ అన్నం వడ్డించలేకపోతున్నాను."

"ఇంత బరువు ఒక్కరే మోస్తున్నారు. నాకు చెప్పినందుకు మంచిదైంది. ఇప్పుడు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు" అంది భారతమ్మ.

నాలుగడుగుల దూరంలో నిలబడి ఆ మాట విన్నది అంజుమ్. పదిహేడేళ్ళలో ఎవరు తిట్టినా అంత నొప్పి పుట్టలేదు.

"అయితే దగ్గర్లో ఉన్న ఒక మనిషిని పిలవడానికి నేను మీకు..." అని ఫోనమ్మ మొదలుపెట్టింది. అంతలో గొంతు తెగింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తెగింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఉన్న ఒక్క గీతా పోయింది.

"ఏమ్మా? ఏమన్నావు? అమ్మా?" లోపల భారతమ్మ పిలుస్తోంది. రెండుసార్లు పిలిచి మానేసింది. కిటికీ దగ్గర నుంచి అడుగులు లోపలికి వెళ్ళాయి. నేల మీద డబ్బా ఈడ్చిన చప్పుడైంది.

రామ్‌సింగ్ ఇంకా రాలేదు. అంబులెన్స్ జాడ లేదు. ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి. అంజుమ్ నేర్చుకున్నవన్నీ ఎటు పోయాయో తెలియదు. ఏ మాట అన్నా తప్పే అవుతుందనిపించింది.

దీపిక ఆమె చెయ్యి విడిపించుకుంది. తలుపు దాకా నడిచి వెళ్ళింది. ఇలాంటప్పుడు ఇంటివాళ్ళను దగ్గరికి రానివ్వకూడదని అంజుమ్‌కు తెలుసు, ఆపాలని కూడా తెలుసు. ఆపలేదు.

"అత్తమ్మా" అంది దీపిక. గట్టిగా కూడా అనలేదు, వంటింట్లో నుంచి పిలిచినట్టే పిలిచింది. "మీరే పంపారని నాకు తెలుసు."

డబ్బా చప్పుడు ఆగింది.

"ఆరోజు ముగ్గు వేసొచ్చి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. జ్వరంగా ఉందమ్మా అని ఆయన అనడం విన్నాను. ట్రాక్టరు పదింటికొస్తుంది లేవరా అని మీరనడం విన్నాను. అంతా విన్నాను."

లోపల నుంచి చాలా సన్నగా, భారతమ్మదే అని గుర్తుపట్టలేని గొంతు. "వినీ?"

"వినీ నేనూ ఊరుకున్నాను. వెళ్ళొద్దండీ అని నేననొచ్చుగా? నేనంటే ఆగిపోయేవారు అత్తమ్మా. అనలేదు. గెలలు కోయిస్తే ఆ వారం నన్ను భద్రాచలం, పర్ణశాల తిప్పుకొస్తానన్నారు. నాకూ వెళ్ళాలనుండింది." దీపిక తలుపుకు నుదురు ఆనించింది. "ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ ఫోనుకి కూడా చెప్పలేదు."

"ఏడాదంతా తెలిసే నా చేతి అన్నం తిన్నావా?"

"తిన్నాను. మీరు కాకపోతే ఎవరు పెడతారు నాకు? తెలుసని చెబితే మీరు తినడం మానేస్తారని భయమేసింది."

అంజుమ్‌కు కళ్ళు కనిపించడం లేదు. కొంగుతో తుడుచుకుంటే మళ్ళీ నిండాయి. మట్టల మధ్య నుంచి రామ్‌సింగ్ గడ్డపార పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. వద్దని చెయ్యి ఊపి అతన్ని అక్కడే ఆపింది. ఆరోజు ఆమె సరిగ్గా చేసిన పని అదొక్కటే.

లోపల భారతమ్మ ఏడుస్తోంది. మొదట గొంతు పట్టుకున్నట్టు, తర్వాత పట్టు లేకుండా, రేకులు అదిరేలా, ఊరంతా వినపడినా సరే అన్నట్టు. ఏడుస్తూనే తలుపు దగ్గరికొచ్చింది. గడియ తుప్పు పట్టి బిగుసుకుంది, రెండుసార్లు లాగినా రాలేదు.

"దీపికా, రావట్లేదే, అటు నుంచి నువ్వు తొయ్యి" అంది.